చెడ్డ రోడ్డు కావాలి

సూర్యాపేట

పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు సుగుణ టీచర్ మా గేటు ముందు ఆటో దిగింది. భుజాన సంచీ, చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసా. సీసా మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసి, పక్కన అంకెలు వేసి ఉన్నాయి: ఏడు, తొమ్మిది, పదకొండు, ఒంటిగంట. ఏ గంటకు ఎంతవరకు తాగాలో ఆమె మనవరాలు పెట్టిన గుర్తులు. నెల కిందట టీచర్‌కు మూత్రపిండంలో రాయి తీశారు. రోజుకు మూడు లీటర్లు తాగకపోతే మళ్లీ వస్తుందని డాక్టరు చెప్పాడు.

"సార్, బండిల బాత్రూం నిజంగ పనిచేస్తదా?" అని గేటు బయటి నుంచే అడిగింది.

"పనిచేస్తది," అన్నాను. అప్పటికి నేనూ అలాగే నమ్ముతున్నాను.

టీచర్, నా భార్య సరోజ ఒకే బడిలో పదకొండేళ్లు పనిచేశారు. సరోజ పోయి ఏడాదైంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆమె ఒక పాత వ్యాను కొన్నది. దాన్ని బాడీ బిల్డింగ్ షెడ్డులో ఇచ్చి ఇల్లులాగా మార్పించింది. రెండు పడకలు, ఒక గ్యాస్ పొయ్యి, వెనక తలుపున్న చిన్న గదిలో కమోడ్. కమోడ్ కింద, బండి అడుగున, ఎనభై లీటర్ల ట్యాంకు. పడకలు లేకపోయినా సరే, కమోడ్ లేకపోతే బండి వద్దని ఆమె షెడ్డువాళ్లకు చెప్పింది. తాను పనిచేసిన ఊళ్లన్నీ సుగుణ టీచర్‌తో కలిసి మళ్లీ చూసి రావాలనుకుంది. బండి తయారై వచ్చేసరికి దవాఖానలో ఉంది. ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఏడాది కార్యం అయ్యాక టీచరే అడిగింది, "సార్, మనం పోయొద్దామా?" అని.

బండి నడపడానికి సరోజ తమ్ముడు యాదగిరి వచ్చాడు. ఒకప్పుడు లారీ నడిపినవాడు. ఇప్పుడు మునగాల దగ్గర వ్యవసాయం, నాలుగు ఆవులు, కొన్ని గొర్రెలు. రసాయన ఎరువులు మానేసి ఆరేళ్లయింది. ఎవరు దొరికినా వాళ్ల చేత కూడా మాన్పించాలని చూస్తాడు. ముందు రోజు సాయంత్రమే వచ్చి బండి చుట్టూ చాలాసేపు తిరిగాడు. తెల్లవారి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. టీచర్ కళ్లు మూసుకొని తన ప్రార్థన తాను చేసుకుంది. రెండు మతాల రక్షణతో బయలుదేరాం.

ఊరు దాటకముందే టీచర్ ఏడు గీత దాకా తాగేసింది.

"గింత ధైర్యంగ నీళ్లు తాగి బండెక్కుడు నా జన్మల ఇదే మొదలు సార్," అన్నది.

కాసేపటికి వెనక గదిలోకి వెళ్లి, పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లలాగా తిరిగి వచ్చింది. మళ్లీ అరగంటకు లేచింది. ఈసారి తలుపు తీసినంత వేగంగా మూసింది.

"సార్, అది పైకొస్తున్నది."

"ఏది?"

"నేను చెప్పలేను. మీరే వచ్చి సూడుండ్రి."

చూశాను. కమోడ్‌లో గోధుమరంగు నురగ, పొయ్యి మీది పాలలాగా మెల్లగా పైకి లేస్తోంది. బుడగలు వచ్చి పగులుతున్నాయి. ట్యాంకు ఎంత నిండిందో చూపించడానికి గోడకు మూడు దీపాలున్నాయి. వాటిలో ఎర్రది వెలుగుతోంది. ఎనభై లీటర్ల ట్యాంకులో మేం ఆ పొద్దున పోసింది రెండు చెంబుల నీళ్లు. వాసన కూడా నేననుకున్న వాసన కాదు. పుల్లగా, కొంచెం తియ్యగా ఉంది.

మునగాల

హైవే పక్కన ఒక ధాబా దగ్గర ఆపాం. యాదగిరి వెనక్కి వచ్చి చూడలేదు. నేరుగా వెళ్లి మూడు ప్లేట్ల పూరీ చెప్పి, బల్ల మీద ఉప్పు డబ్బాను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. ఈ ధాబాలో పూరీకి కూడా ఉల్లిగడ్డ ముక్కలు, పచ్చిమిర్చి పెడతారు. మా ఊళ్లో అవి రొట్టెకే.

"బావా, కోపం జెయ్యకు," అన్నాడు.

"చెప్పు."

"నిన్న పొద్దుమూకి నువ్వు స్నానానికి పోయినప్పుడు ట్యాంకుల జర జీవామృతం పోసిన."

జీవామృతం రైతులకు తెలుసు. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శెనగపిండి, గుప్పెడు పుట్టమన్ను నీళ్లలో కలిపి నాలుగు రోజులు పులియబెట్టి పొలానికి పారిస్తారు. దాన్ని బండికి పోసిన మనిషిని నేను ఇంతకుముందు చూడలేదు. కానీ అతని లెక్క అతనికుంది. మా వైపు ఇంటికి కొత్తగా సెప్టిక్ ట్యాంకు కడితే, వాడకం మొదలుపెట్టే ముందు ఒక బకెట్ పేడ కలిపి పోస్తారు. లోపల పని మొదలవ్వాలని.

"కొత్త ట్యాంకు గద. ఉత్తగ ఇడిసిపెడితే మురగదు. అక్క బండి, మంచిగుండాలె అని..."

"ఎంత పోసినవ్?"

"ఒక్క క్యానే. ఇరవై లీటర్లు."

"దాంట్ల శెనగపిండి ఎంత?" అని టీచర్ అడిగింది.

"రెండు కిలోలు. బెల్లం రెండు కిలోలు."

"అది రెండొందల లీటర్ల లెక్క గదా? నేను రేడియోల విన్న."

"ట్యాంకు చిన్నది గద టీచరమ్మా. నీళ్లు తగ్గించిన. చిక్కగుంటే బలం ఎక్కువుంటది."

టీచర్ చేతిలోని పూరీ కింద పెట్టింది. "అది జీవామృతం కాదు యాదగిరీ. బజ్జీల పిండి."

మార్చి ఎండ. మూత బిగించిన ట్యాంకు. రెండు కిలోల బెల్లంతో పొంగుతున్న పిండి. నేను బండి కిందికి దూరి, వెనక ఉన్న వాల్వు పిడి లాగి చూశాను. పిడి వచ్చింది. లోపలి నుంచి ఏమీ రాలేదు. అడుగున పిండి గట్టిపడి దారి మూసుకుపోయింది. గొట్టం చివర ఒక పెద్ద బుడగ వచ్చి పగిలింది. దాన్ని చూడడానికి వచ్చిన ధాబా యజమాని రెండడుగులు వెనక్కి వేశాడు.

"గీడ మాత్రం ఇప్పకుండ్రి సార్. తినేటోళ్లున్నరు. కోదాడల సెప్టిక్ బండ్లుంటయ్. గోడల మీద నంబర్లు రాసుంటయ్."

"లేడీస్ బాత్రూం ఏడుంది బాబూ?" అని టీచర్ అడిగింది.

"ఉన్నది మేడం. మస్తుగ కట్టించిన. కని దాంట్ల ఉల్లిగడ్డ బస్తాలు పెట్టినం."

టీచర్ నీళ్ల సీసా మూత బిగించి సంచీలో పెట్టేసింది. తొమ్మిది గీతకు ఇంకా నాలుగు వేళ్ల నీళ్లున్నాయి.

"తొమ్మిదైంది, తాగలేదు," అన్నాను.

"తర్వాత తాగుత సార్."

సంచీలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, అందులోంచి ఎండు ఉసిరి ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుంది. "ఇది నోట్లుంటే గొంతు ఎండదు. సరోజ నేర్పింది. బడికి పొయ్యేటప్పుడు ఒకటి, పగటాల ఒకటి. సాయంత్రం ఇంటికొచ్చేదాక ఇద్దరం నీళ్లు ముట్టకపోయేది. తాగితే ఏడ బోవాలె? బడిల ఒక్క రూమన్న లేకపాయె. చుట్టూ మిరప చేన్లు, మగ మాస్టర్లు."

ఆ ఎండు ఉసిరి కొన్నది నేనే. ప్రతి చలికాలం బజారులో ఏరి ఏరి రెండు కిలోలు తెచ్చేవాణ్ణి. ఆమెకు ఇష్టం అనుకున్నాను. సరోజకు పాడైనవి కూడా మూత్రపిండాలే. దానికి ఇదే కారణమా అంటే డాక్టర్లు చెప్పలేదు, నేను అడగలేదు. రెండేళ్లు డయాలసిస్‌కు తీసుకెళ్లి, ఆ గది బయట బెంచీ మీద చాలా పుస్తకాలు చదివాను. ఈ సంగతి మాత్రం ధాబాలో పూరీ తింటుండగా తెలిసింది.

"ఇంటికి పోదాం టీచర్. ఇంకో నెలకు వద్దాం," అన్నాను.

"ఎందుకు? ఇప్పుడు నేను ఇంటికి పోతే మా కోడలు 'నేను ముందే చెప్పిన గద అత్తమ్మా' అంటది. ఆ మాట వినుడు కంటె దాహమే నయం."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. రేపు సాయంత్రానికి ట్యాంకు బాగు కాకపోతే, ఆమె నీళ్లు తాగకపోతే, బండి వెనక్కి తిప్పడమే.

కోదాడ

కోదాడలో ఏ గోడ చూసినా రెండే ప్రకటనలు. ఇంజినీరింగ్ కాలేజీ అడ్మిషన్లు, సెప్టిక్ ట్యాంకు క్లీనింగ్. రెండూ పసుపు రంగు మీద నల్ల అక్షరాలు, పక్కపక్కనే. యాదగిరి బండి నడుపుతూనే ఒక నంబరు చదివి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నమస్తే అండి, చెప్పండి," అని ఒక అమ్మాయి గొంతు.

"మేడం, మాది మొత్తం నిండిపోయింది."

"లేదండీ, మా దగ్గర ఇంకా సీట్లున్నాయి. బాబుకి ఎన్ని మార్కులొచ్చాయండీ?"

టీచర్ ఆ పొద్దున మొదటిసారి పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆపి, కాళ్లు దగ్గరికి చేసుకొని, "నన్ను నవ్వించకుండ్రి, ఇప్పుడు నాకు నవ్వు గూడ మంచిది కాదు," అన్నది.

దాంతో ముందు లాడ్జి వెతికాం. లాడ్జిలో ఉండక్కర్లేకుండా సరోజ చేయించిన బండిని లాడ్జి ముందు నిలబెట్టి, లోపల రెండు గదులు తీసుకున్నాం. కౌంటర్‌లో ఉన్నాయన అద్దంలోంచి బండిని చూశాడు.

"బండిలో మంచాలున్నట్టున్నాయి కదండీ?"

"ఉన్నాయి."

"మరి రూములెందుకండీ?"

"మంచాల కోసం కాదు నాయనా, ముందు తాళంచెవి ఇయ్యి," అని టీచర్ చెయ్యి చాపింది.

పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. మా సూర్యాపేటలో అడగకుండానే పల్లి చట్నీ పోస్తారు. ఇక్కడ ముందు అల్లం పచ్చడి వస్తుంది, పల్లి చట్నీ అడగాలి. నలభై కిలోమీటర్లలో మాట కూడా మారిపోతుంది. వడ్డించే మనిషి "ఇంకేం కావాలె" అనలేదు, "ఇంకేం తింటారండీ" అన్నాడు. యాదగిరికి ఆ మర్యాద బాగా నచ్చి ఇంకో రెండు ప్లేట్లు తిన్నాడు.

సరైన నంబరుకు ఫోన్ చేస్తే మధ్యాహ్నం సైదులు అనే ఆయన ట్యాంకరు వేసుకొని వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు.

"ముందే చెప్తున్నానండి," అన్నాడు. "నేను చేత్తో ముట్టను, మా వాళ్లని ముట్టనివ్వను. మా నాన్న ఈ పనిలోనే పోయాడు. ఏదున్నా గొట్టమే దిగాలి, మిషనే లాగాలి."

"అట్లనే," అన్నాను.

గొట్టం బిగించి మిషను ఆన్ చేశాడు. వీధి దద్దరిల్లింది. గొట్టం బిగుసుకొని చప్పిడిగా అయింది తప్ప చుక్క రాలేదు. సైదులు మిషను ఆపి, వంగి, గాలి పీల్చి నా వైపు చూశాడు.

"ఇరవై రెండేళ్ల సర్వీసండి నాది. ఇది మరుగుదొడ్డి వాసన కాదు. ఏం పోశారండీ ఇందులో?"

యాదగిరి దూరంగా, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని నిలబడి ఉన్నాడు. టీచర్ అతని వైపు వేలు చూపించింది. సైదులు మొత్తం విని, నవ్వకుండా తల ఊపాడు. అందుకు నేను ఆయన్ని ఎప్పటికీ గౌరవిస్తాను.

"శెనగపిండి కదండీ, అడుగున అట్టుకట్టేసింది. ఇప్పుడు లాగితే గొట్టం చిరుగుద్ది. పైన గాలిపోయే మూత కొంచెం వదులు చెయ్యండి. రేపు పొద్దున రెండు బకెట్లు వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి పొయ్యండి. పోసి, గంట సేపు బండి నడపండి. మజ్జిగ చిలికినట్టు చిలకాలి. మిర్యాలగూడలో మా తోడల్లుడు వెంకన్నకీ ట్యాంకరుంది. అప్పుడు లాగితే వచ్చేస్తది."

"గంటలో మిర్యాలగూడ పోతం గదా," అన్నాను.

"ఆ రోడ్డు మీకు పనికిరాదండి. నున్నగా ఉంటది. మీకు చెడ్డ రోడ్డు కావాలి."

హుజూర్‌నగర్ దాటాక

మరునాడు పొద్దున టీచర్ గదిలో ఉన్నంతసేపు నీళ్లు తాగింది, బయలుదేరే ముందు సీసాకు మూత బిగించింది. ట్యాంకులో వేడినీళ్లు, సబ్బు పొడి పోశాం. ఆశ్చర్యం ఏమిటంటే, చెడ్డ రోడ్డు కావాలనుకున్నప్పుడు దొరకదు. ఇరుపక్కలా యాసంగి వరి పచ్చగా, మధ్యలో నల్లటి కొత్త రోడ్డు. హుజూర్‌నగర్ దాటాక ఒక టీ కొట్టు దగ్గర యాదగిరి బండి ఆపి తల బయట పెట్టాడు.

"అన్నా, గీడ బాగ పాడైన రోడ్డు ఏడుంది?"

టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపాడు. "ఎటు బోవాలె మీరు?"

"మిర్యాలగూడ."

"గట్లయితే గిదే. సక్కగ పోండ్రి. అద్దం లెక్కుంటది."

"అద్దం వద్దన్నా. గుంతలున్నది గావాలె."

"గుంతలా?"

"ఎంత పెద్దగుంటే అంత మంచిది."

బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఒకేసారి లేచారు. ఒకాయన తలకు తువ్వాలు చుట్టుకున్నాడు, ఇంకొకాయన చేతిలో మోటారు సైకిలు తాళంచెవి.

"మా ఊరి రోడ్డున్నది సార్," అన్నాడు తువ్వాలాయన. "రెండేండ్ల సంది ఆటోలు రావు."

"మీదేం రోడ్డయ్యా, మొన్ననే మొరం పోసిండ్రు," అన్నాడు రెండో ఆయన. "సార్, మా దాని మీద పోయిన వానకాలం బర్రె కూలబడ్డది. మళ్ల లేవలే."

"ఎందుకు లేవలే? నేనే గద లేపిన."

"లేపినవ్. లేసినంక నడిసిందా?"

తువ్వాలాయన మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. బర్రె పడిన రోడ్డు గెలిచింది. దాని తాలూకు ఆయన మోటారు సైకిలు మీద ముందు నడుస్తూ మాకు దారి చూపించాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. కాలువ పక్కన రెండు కిలోమీటర్లు. గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డుంది. బండిలో గిన్నెలు రాలాయి. చింతకాయ తొక్కు డబ్బా పడి మూత ఊడింది. అడుగున ట్యాంకు గుడగుడమంటోంది, చిలుకుతున్నట్టే. చివరిదాకా వెళ్లి, వెనక్కి తిప్పి మళ్లీ వచ్చాం. మళ్లీ వెళ్లాం. గంట కావాలి కదా.

మూడోసారికి ఊరివాళ్లు రోడ్డు మీదికి వచ్చారు. నాకు కళ్లజోడుంది, ఒళ్లో నోటుబుక్కుంది. నాలుగోసారి ఒకాయన చెయ్యెత్తి ఆపాడు. తెల్ల కాయితం మీద అప్పటికప్పుడు రాసిన దరఖాస్తు, కింద పద్నాలుగు సంతకాలు, మూడు వేలిముద్రలు.

"మేం అధికారులం కాదన్నా," అన్నాను.

"పెద్ద సార్లు గట్లనే అంటరు. పరవాలే సార్, చెప్పకుంట వచ్చుడే మంచిది."

"నిజంగ కాదు. మా ట్యాంకు కోసం తిరుగుతున్నం."

"ట్యాంకు గూడ అడగాల్నంటరా? మా ఊళ్లె మంచినీళ్ల ట్యాంకు గూడ కారుతున్నది." ఆయన కాయితం వెనక్కి తీసుకొని అది కూడా రాశాడు. "ఇంత మంచిగ నాలుగుసార్లు తిరిగి చూసిన సారు ఇంతవరకు రాలే," అని పక్కాయనతో అన్నాడు. పక్కాయన బండి అడుగు వైపు ముక్కు పెట్టి, "బెల్లం ఊరేసిన వాసన. గుడుంబానా?" అన్నాడు. యాదగిరి ఒట్టు పెట్టుకున్నాడు.

నేను కాయితం తీసుకున్నాను. తర్వాత మిర్యాలగూడలో సంబంధిత ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. నాకు చేతనైంది అంతే.

కాయితం అందుకునేసరికి పదకొండు దాటింది. వెనక్కి చూస్తే టీచర్ పడక పట్టె పట్టుకొని, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకొని కూర్చుంది. నుదుటి మీద చెమట. బుగ్గన ఉసిరి ముక్క ఉంది.

"నొప్పా?"

"కొద్దిగ. కుదుపులకు."

కుదుపులకు కాదని ఇద్దరికీ తెలుసు. సరోజ కూడా చాలాకాలం అలాగే నడుం పట్టుకొని, "బస్సులో నిలబడి వచ్చాను, అందుకే" అనేది. "ఇగ చాలు, వెనక్కి తిప్పు," అని యాదగిరికి చెప్పాను. అతను ఇంజను ఆపి టీచర్ వైపు తిరిగాడు.

గుంపులోంచి ఒకామె, చంకలో పిల్లతో, కిటికీలోకి చూసింది. "అక్కా, మొఖం గట్లయిందేంది?" అన్నది. టీచర్ కిందికి వంగి ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఆమె పిల్లను యాదగిరి చేతిలో పెట్టి, "గింతదానికి గిట్ల కూసున్నవా, మా ఇంట్లకు రా," అని టీచర్‌ని చెయ్యి పట్టుకొని దింపి తీసుకుపోయింది.

అరగంట తర్వాత టీచర్ తనంతట తానే నడిచి వచ్చింది. రెండు చెంబులు నీళ్లు, ఒక చెంబు మజ్జిగ తాగిందట. "వాళ్లింట్ల బాత్రూం మన బండంత ఉన్నది సార్. ఇగ వెనక్కి వద్దు, మిర్యాలగూడ పోదాం," అన్నది. పిల్లను తీసుకుంటూ ఆ ఇంటామె నాతో అన్నది: "రోడ్డు ఎప్పుడన్న ఎయ్యుండ్రి గని, అక్కను ఎండల తిప్పకుండ్రి సార్."

మిర్యాలగూడ

రైసు మిల్లుల మధ్య నుంచి ఊళ్లోకి వచ్చాం. ఉడికిన వడ్ల వాసన మా బండి వాసనను మింగేసింది. వెంకన్న ఒక మిల్లు వెనక ఖాళీ జాగాలో ట్యాంకరుతో నిలబడి ఉన్నాడు. తోడల్లుడు ఫోన్‌లో అంతా చెప్పేశాడు. మమ్మల్ని చూడగానే, "బజ్జీల బండి మీదేనా?" అన్నాడు.

నేను కిందికి దూరి పిడి లాగాను. వెంకన్న మిషను వేశాడు. కాసేపు నిన్నటిలాగే గొట్టం చప్పిడిగా అయింది. మేం నలుగురం గొట్టం వైపే చూస్తున్నాం. తర్వాత లోపల ఏదో జారింది. గొట్టం ఒక్కసారి కొండచిలువలాగా ఉబ్బింది. ఉబ్బు ముందుకు కదిలింది. ట్యాంకరులోకి వెళ్లేసరికి టీచర్ చప్పట్లు కొట్టింది.

ఇంకో మూడుసార్లు నీళ్లు పోసి లాగాలి. వెంకన్న, "నీళ్లు పొయ్యి అన్నా," అని యాదగిరికి గొట్టం చివర అందించబోయాడు. యాదగిరి ఇంకో రెండడుగులు వెనక్కి జరిగాడు.

"నాతోని గాదు."

"రోజు పెండల మోచేతుల దాక పెట్టి పిసుకుతవ్ గద?" అన్నది టీచర్.

"గది ఆవుది టీచరమ్మా. మనిషిది వేరే."

"ఇరవై లీటర్లు నువ్వు పోసినవ్. నేను పోయింది ఒక్కసారి. లెక్క జూస్తే దాంట్ల ఉన్నదంత నీ ఆవుదే."

యాదగిరి కొంచెంసేపు ఆలోచించాడు. లెక్క సరిగానే ఉంది. తువ్వాలు ముక్కు నుంచి తీసి తలకు చుట్టుకొని గొట్టం పట్టుకున్నాడు. పోస్తూ పోస్తూ నా వైపు తిరగకుండానే, "అక్కుంటే నన్ను మస్తు తిట్టేది బావా," అన్నాడు.

"తిట్టేది," అన్నాను.

ఎర్ర దీపం ఆరిపోయింది. పచ్చ దీపం వెలిగింది. వెంకన్న ట్యాంకు నిండా సబ్బు నీళ్లు నింపించి, "రేపు పగటాల దాక నాననియ్యుండ్రి. అప్పటిదాక వాడొద్దు," అన్నాడు. ఒక్క పూటే కదా అనుకున్నాం. టీచర్ సీసా తీసి, ఒంటిగంట గీతను ఒక్క గుక్కలో దాటేసింది. ఆ రాత్రి కూడా లాడ్జిలోనే పడుకున్నాం.

మాడుగులపల్లి వైపు

మూడో రోజు సరోజ, టీచర్ కలిసి పనిచేసిన బడికి వెళ్లాం. మాడుగులపల్లి వైపు ఒక ఊరు. పేరు రాయను. టీచర్ ఆ పొద్దున గీతలన్నీ సరిగ్గా గంట ప్రకారం తాగింది. బడి చేరేసరికి పదిన్నర.

బడి చుట్టూ ఇప్పుడు ప్రహరీ ఉంది. మిరప చేన్లు పోయి ఇళ్లు వచ్చాయి. పాత రేకుల గది పడగొట్టారు. సరోజ పాఠం చెప్పిన చోట పిల్లలు సైకిళ్లు పెడుతున్నారు. హెడ్మాస్టరు ముప్పై అయిదేళ్ల మనిషి, మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి టీ తెప్పించాడు. టీచర్ టీ కూడా తాగింది. తర్వాత లేచి, వరండా చివర నీలం తలుపున్న కొత్త గది వైపు నడిచింది. బాలికలు అని తలుపు మీద రాసి ఉంది. తలుపుకు తాళం ఉంది.

వెనక్కి వచ్చింది. నడక కొంచెం వేగంగా ఉంది.

"తాళంచెవి ఎవరి దగ్గరున్నది సార్?"

"నా దగ్గరే మేడం." హెడ్మాస్టరు తన వెనక గోడకు మేకు మీద వేలాడుతున్న తాళంచెవి చూపించాడు. "బయటోళ్లు వచ్చి కరాబు చేస్తున్నరు. గందుకే."

"పిల్లలకు?"

"వచ్చి అడిగితే ఇస్తం మేడం. ఎప్పుడూ లేదనలే."

"ఎంతమంది ఆడపిల్లలున్నరు?"

"యాభై ఎనిమిది."

"పొద్దటి సంది ఎంతమంది వచ్చి అడిగిండ్రు మిమ్మల్ని?"

ఆయన చెప్పబోయి ఆగాడు. మేకు వైపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు.

"ఎవరూ అడగలే మేడం," అన్నాడు.

"నిన్న?"

టీచర్ బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, తాళంచెవి తనే తీసుకొని వరండాలోకి నడిచింది. తరగతుల కిటికీల్లోంచి పిల్లలు చూస్తున్నారు. ఆమె తాళం తీసిన చప్పుడు మాకు వినిపించింది. బయటికి వచ్చాక మూడు తరగతుల గుమ్మాల ముందు నిలబడి, "ఆడపిల్లలు, పోవాల్సినోళ్లు లేవండ్రి. ఇప్పుడే," అన్నది. పాతికేళ్లు పిల్లలకు చెప్పిన గొంతు. ముందు ఇద్దరు లేచారు. తర్వాత వరస వరండా చివరిదాకా వచ్చింది. నేను, యాదగిరి, హెడ్మాస్టరు ముగ్గురం లేచి బడి ముందువైపుకు వెళ్లి రోడ్డు చూస్తూ నిలబడ్డాం.

మిర్యాలగూడ మళ్లీ దగ్గర పడుతుండగా టీచర్ కళ్లజోడు కోసం సంచీ వెతికింది. తాళం బయటపడింది, చెవితో సహా.

"అయ్యో, మరిచిపోయి తెచ్చిన," అన్నది. మరిచిపోయిన మనిషి మొహం అలా ఉండదు.

"సర్కారు సొమ్ము టీచరమ్మా," అన్నాడు యాదగిరి అద్దంలో చూస్తూ. "దొంగతనం కిందికి వస్తది."

"నువ్వు బండి నడుపు."

హెడ్మాస్టరుకు ఫోన్ చేసి ఆమెకే ఇచ్చాను.

"వెనక్కి తెచ్చియ్యమంటరా సార్?" అని అడిగింది.

"వద్దు మేడం. అంత దూరం మళ్లెందుకు," అన్నాడు. "కొత్తదానికి కమిటీల తీర్మానం పెట్టాలె. టైం పడతది."

"పట్టనియ్యుండ్రి. తొందరేం లేదు," అన్నది టీచర్, సీసా మూత తిప్పుతూ.

ఆ తర్వాత మా బండి ఇంకో రెండు ప్రయాణాలు చేసింది. ట్యాంకు బాగానే ఉంది. మొన్న ఆ హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. కమిటీ రెండుసార్లు కూర్చున్నదట, తాళం సంగతి ఎవరూ ఎత్తలేదట. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆయా కడుగుతోందట. ఆ గదికి ఇప్పుడు తాళం వెయ్యడం లేదు.